కళ్ళు మండని రోజు

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఇది: మా తమ్ముడు ఎక్కడో ఒక మూసిన షెడ్డులో, నడుస్తున్న డీజిల్ ఇంజను పక్కన, తన ఊపిరి సంగతి తనకే పట్టనట్టు ఒక్కడే కూర్చుని ఉంటాడని.

నాకు భయాలు కొత్త కాదు. పాప నిద్రలో కదలకపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. స్టవ్ కట్టేశానో లేదో అని పడుకున్నదాన్ని లేచి వెళ్ళి చూసి వస్తాను, వచ్చి పడుకున్నాక నిజంగా చూశానా అని మళ్ళీ లేస్తాను. "నీకు భయపడటానికి ఏమీ దొరకని రోజున, ఏమీ దొరకలేదే అని భయపడతావు" అని మా ఆయన నవ్వేవారు. అవన్నీ చేయి చాస్తే తీరిపోయే భయాలు. తమ్ముడు ఇప్పుడు నా చేతికందే దూరంలో లేడు. అందుకే ఇది రాస్తున్నాను.

వాణ్ణి చిన్నప్పటినుంచీ అందరూ నట్టు అనే పిలుస్తారు. లాగు జేబులో ఎప్పుడూ ఒక ఇనప నట్టు ఉండేది, తీసేసుకుంటే కొంప మునిగినట్టు ఏడ్చేవాడు. అమ్మ పోయేనాటికి వాడికి పాలపళ్ళు కూడా ఊడలేదు. నాన్న లారీల మీద తిరిగేవాడు. నేను ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేశాను. ఎవరూ మానమని చెప్పలేదు. వాణ్ణి ఎవరు చూస్తారు అన్నదానికి ఇంట్లో ఇంకో జవాబు లేదు, అంతే. వాడికి జడ వేయడం తప్ప ఒక తల్లి చేసేవన్నీ చేశాను. పెద్దయ్యాక వాడు డీజిల్ మెకానిక్ అయ్యాడు, మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక షెడ్డులో పని. నా పెళ్ళయ్యాక కూడా భోజనం మా ఇంట్లోనే.

మా ఆయన ఊరి చివర కోల్డ్ స్టోరేజీలో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవారు. పళ్ళ పెట్టెలు నెలల తరబడి చెడిపోకుండా దాచే పెద్ద గోదాము అది. కిటికీలు లేవు. గోడలు మూరెడు మందం. లోపల ఏడాది పొడుగునా చలికాలమే. ముందు రెండు ఇనప కొమ్ములున్న ఆ బండితో పెట్టెల దొంతరలు ఎత్తి కప్పు దాకా పేర్చడం ఆయన పని. ఇలాంటి చోట బ్యాటరీ బండ్లు వాడాలట. ఆ చలికి బ్యాటరీలు మధ్యాహ్నానికే చతికిలబడుతున్నాయని యజమాని ఎక్కడినుంచో ఒక పాత డీజిల్ బండి తెచ్చి పెట్టాడు. పనివాళ్ళు దానికి తాతయ్య అని పేరు పెట్టారు. దగ్గుతూ లేస్తుంది, లేచాక గొణుగుడు ఆపదు, చుట్ట మాత్రం మానదు అనేవాళ్ళు.

ఆ గోదాములో ఒక అలవాటు ఉండేది. గోడకి పైన ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది. అది రోజంతా తిరిగినా తాతయ్య పొగకి చాలేది కాదు. అందుకని లోపల ఎవరికి కళ్ళు మండినా "తలుపు!" అని అరవాలి. అరిచింది నిన్న చేరిన కూలీ అయినా సరే, ఇంజను ఆపేసి అందరూ బయటికి రావాలి, పెద్ద తలుపు బార్లా తీయాలి. కళ్ళు తేటపడ్డాకే మళ్ళీ పని. ఈ నియమం ఏ ఆఫీసరూ పెట్టింది కాదు, పనివాళ్ళే పెట్టుకున్నారు. లోపల గాలి ఎలా ఉందో చెప్పే మీటరు వాళ్ళకి లేదు, వాళ్ళ కళ్ళే మీటరు. ఒకాయనకి బీడీ గుర్తొచ్చినప్పుడల్లా కళ్ళు మండేవని మా ఆయన ఆ నటన చేసి చూపించి నన్ను కడుపుబ్బ నవ్వించేవారు.

ఇంటికొచ్చేటప్పుడు ఆయన కన్నా ముందు డీజిల్ వాసన గడప దాటేది. కళ్ళు ఎర్రగా, తలనొప్పితో కణతలు పట్టుకుని వచ్చేవారు. పాపకి అప్పుడప్పుడే మనుషుల్ని గుర్తుపట్టే వయసు. ఆయన చేతులు చాస్తే ముఖం తిప్పేసుకుని, నా భుజంలో దూరి గుక్కపెట్టేది. స్నానం చేసి వచ్చినా అంతే. వాసన జుట్టులో, గోళ్ళ సందుల్లో ఉండిపోయేది. "నా కూతురికి నేనంటే ఇష్టమేనే, నా ఉద్యోగమంటేనే పడదు" అనేవారు. నవ్వుతూనే అనేవారు. కానీ ఒకసారి కుళాయి దగ్గర చూశాను, కడిగిన చేతులకే మళ్ళీ సబ్బు రాసుకుంటూ, వాసన చూసుకుంటూ, మళ్ళీ రాసుకుంటూ.

ఒక సెలవు రోజు పాప ఏడుపు తమ్ముడి కంట పడింది.

"ఏం బావా, మా మేనకోడలు నిన్ను చూసి ఏడుస్తోంది? అప్పుడే తెలివొచ్చేసిందే దీనికి!"

"నీ పోలికరా. మేనమామవి, మెకానిక్కువి, దాని ఏడుపు రిపేరు చెయ్యలేవూ?"

"రిపేరు దానికి కాదు బావా, మీ తాతయ్యకి."

"అయితే ఆయన చేత చుట్ట మాన్పించు. మాన్పించావంటే మంచి బోల్టుని వెతికి నీ పెళ్ళి చేస్తా."

"ఎన్నాళ్ళుగానో అదే మాట. నా సైజు దొరకట్లేదా?"

"సైజు దొరుకుతోందిరా నట్టూ. నిన్ను చూడగానే వాటి మరలు అరిగిపోతున్నాయి."

తమ్ముడు నవ్వాడు గానీ, ఆ రోజు భోజనం చేస్తూ పరధ్యానంగా ఉన్నాడు. వాడు ఏదైనా ఇంజను గురించి ఆలోచిస్తుంటే ముద్ద నోటి దాకా వచ్చి ఆగిపోతుంది. నాకు ఆ లక్షణం తెలుసు.

కొన్నాళ్ళకి ఒక గోనెసంచి మోసుకొచ్చి వంటగది గడప మీద దించాడు. అందులో తుప్పు పట్టిన ఇనప డబ్బా, రెండు వైపులా గొట్టాలు. పాడైపోయి తుక్కుకి పోతున్న ఒక లారీ కిందనుంచి విప్పుకొచ్చాడట.

"ఇదేంట్రా, నా ఇంట్లోకి తుక్కు తెచ్చావ్?"

"తుక్కు కాదక్కా, కన్వర్టర్. ఇలా పట్టుకుని వెలుతురుకి చూడు."

గొట్టంలోంచి చూశాను. లోపల మట్టితో చేసిన ఇటుకలాంటిది, దాన్నిండా సన్నటి బెజ్జాలు, తేనెపట్టులా. అవతలి వెలుతురు చుక్కలు చుక్కలుగా కనిపించింది.

"ఆ బెజ్జాల లోపలి గోడలకి ఒక ఖరీదైన లోహం పూసి ఉంటుంది. ఉందా లేదా అన్నంత పల్చగా. ఇంజనులో సగమే కాలి మిగిలిన డీజిలు, తల తిప్పే గాలి, కళ్ళు మండించే ఆవిరి, అన్నీ ఇందులోంచి పోతూ ఇంకోసారి కాలిపోతాయి. మంట అక్కర్లేదు, డబ్బా వేడెక్కితే చాలు."

"అంటే ఎంగిలి పొగని మళ్ళీ తినిపించడమా?"

"అదీ! నువ్వు బడి మానకపోతే ఇంజనీరువయ్యేదానివక్కా."

"నేను మానకపోతే నువ్వు మట్టి తిని పెరిగేవాడివి. అవున్రా, మరి మసి కూడా పోతుందా?"

"మసికి వేరే జల్లెడ కావాలి. ఇది వాసనకీ కళ్ళమంటకీ. ముందు పాప ఏడుపు ఆగనీ."

వాడు అబద్ధం చెప్పలేదు. తనకి తెలిసినంత చెప్పాడు. ఈ మాట నేను ఎక్కడ అడిగినా చెబుతాను.

గోదాము సూపర్‌వైజరు ముందు ససేమిరా అన్నాడు. "బండి ఆగిపోతే పూచీ నీదే" అని చివరికి ఒప్పుకున్నాడు. గోదాముకి సెలవున్న రోజు తమ్ముడు తాతయ్య కింద దూరాడు. నేను పాపని చంకనేసుకుని, ఇద్దరికీ క్యారేజీ పట్టుకుని వెళ్ళాను. పాత సైలెన్సర్ ముందు గొట్టం కోసి, ఈ డబ్బా ఇరికించి వెల్డింగ్ చేశాడు. గోదాము చలికి డబ్బా చల్లారిపోతే పనిచెయ్యదని గాజునార పట్టీ చుట్టూ తిప్పి కట్టాడు. కడుతున్నప్పుడు చూశాను, పసిపిల్లకి దుప్పటి చుట్టినంత ఒద్దికగా చుట్టాడు. మా ఆయన పక్కన నిలబడి "ఇంకో చుట్టు వెయ్యరా, పాపం తాతయ్యకి జలుబు చేస్తుంది" అని ఆటపట్టిస్తూనే ఉన్నారు.

బండి స్టార్టు చేశారు. మొదట మామూలు పొగే వచ్చింది. అందరి ముఖాలూ వాడిపోయాయి. "ఆగు బావా, వేడెక్కనీ" అన్నాడు తమ్ముడు. ఇంజను కాసేపు గొణిగింది. తర్వాత వాడు వెనక గొట్టం దగ్గర గాల్లో చెయ్యి ఆడించి, ఆ చెయ్యి వాసన చూసుకున్నాడు. మా ఆయన్ని రమ్మని సైగ చేశాడు. ఆయన వంగి గొట్టం దగ్గర ముఖం పెట్టి, కళ్ళు టపటపలాడించి, మళ్ళీ పెట్టారు.

"ఒరేయ్ నట్టూ! మండట్లేదురా!"

ఆ రోజు సాయంత్రం ఆయన చేతులు చాస్తే పాప వెళ్ళింది. మొదట అనుమానంగా చూసింది, మెడ దగ్గర ముక్కు పెట్టింది, తర్వాత ఆయన చెవి పట్టుకుని గట్టిగా లాగింది. ఆయన "అబ్బా, అబ్బా" అంటూ గదంతా తిరిగారు. తమ్ముడు గోడకి ఆనుకుని చూస్తూ నిలబడ్డాడు. వాడి ముఖం అంత వెలిగిపోవడం నేను అంతకుముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

గోదాములో వాడికి రాజభోగం. వెళితే చాలు టీ ఇప్పించేవాళ్ళు. సూపర్‌వైజరు భుజం తట్టి, "మా ఇంట్లో ఆవిడ నోటికి కూడా ఇలాంటి డబ్బా ఒకటి బిగించి పెట్టవయ్యా" అన్నాడట. లోపల ఇక ఎవరికీ కళ్ళు మండలేదు. ఎవరూ "తలుపు!" అని అరవలేదు. బీడీ ఆయన నటించినా నమ్మేవాళ్ళు లేకపోయారు.

వాసనే లేనప్పుడు ఫ్యాన్ దేనికన్నాడు సూపర్‌వైజరు. అది తిరిగినంతసేపూ లోపలి చలి బయటికి పోతోంది, పైన పెట్టెల్లో పళ్ళు మెత్తబడుతున్నాయి అన్నాడు. ఫ్యాన్ ఆపేసి, ఆ కన్నానికి థర్మాకోల్ ముక్క పెట్టి టేపు అంటించారు. తమ్ముడికి ఎవరూ చెప్పలేదు. వాడు మళ్ళీ వెళ్ళినప్పుడు టీ తాగింది బయట బల్ల మీద, లోపలికి తొంగి చూసే అవసరం రాలేదు. మా ఆయన ఇంట్లో ఆ కబురు సంతోషంగానే చెప్పారు. "ఫ్యాన్ మోత లేదు, ఇప్పుడు లోపల మనిషి మాట మనిషికి వినబడుతోంది" అన్నారు. నాకు దాని అర్థం తెలియలేదు. ఆయనకీ తెలియదు. వాసన పోతే విషం పోయినట్టేనని ఆ గోదాములో ప్రతి ఒక్కరూ అనుకున్నారు, ఎందుకంటే అంతకుముందు వాళ్ళకి విషమంటే కళ్ళమంటే.

పళ్ళు కోతకొచ్చే రోజులు వచ్చాయి. గేటు బయట లారీలు బారులు తీరాయి. సరుకు ఎండకి చెడుతోందని, తలుపు తీస్తే చలి పోతోందని, తీయడం వేయడం వెంటవెంటనే జరిగేది. అలాంటి ఒక రోజు తాతయ్య పొద్దున లేచినవాడు పొద్దుగూకేదాకా ఆగలేదట. బరువులెత్తి ఎత్తి, పట్టీ చుట్టిన డబ్బా ఎప్పుడూ లేనంత వేడెక్కింది. లోపల ఎవరికీ ఇబ్బంది అనిపించలేదు. గొంతులో కొంచెం గరగర, అంతే, చలికి అనుకున్నారు.

ఆయన ఇంటికి వచ్చి పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకున్నారు. దగ్గారు. నేను చూశాను.

"ఏవండీ, ఏంటా దగ్గు?"

"తాతయ్య మానేశాడు కదా, నాకు అంటించాడు."

"వేళాకోళం కాదు. డాక్టరుకి చూపిద్దాం రండి."

"దగ్గితే డాక్టరు, తుమ్మితే ఆస్పత్రి. పొద్దున్న చూద్దాంలే, నిద్రపోతే తగ్గిపోతుంది. ఛాతీ మీద ఈ పిల్లే బరువు" అని పాపని పైకెత్తి ఊపారు. పాప నవ్వింది.

పొద్దున్న లేచేసరికి ఆయన గోడకి చేరగిలబడి కూర్చుని ఉన్నారు. పడుకుంటే ఊపిరి ఆడట్లేదన్నారు. ఆ ఒక్క మాట చెప్పడానికి మధ్యలో ఆగి ఆగి గాలి పీల్చుకోవాల్సి వచ్చింది. పెదవులు నల్లగా ఉన్నాయి. దగ్గితే నురగ వచ్చింది. తమ్ముడికి ఫోన్ చేశాను, చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చాడు. ఆటోలో ఆయన తల వాడి భుజం మీదే. "బావా, పలుకు. బావా, నా బోల్టు సంగతేం చేశావ్? బావా" అంటూనే ఉన్నాడు దారంతా. ఆయన నవ్వడానికి ప్రయత్నించారు. ఆ ప్రయత్నం నాకు కనిపించింది.

ఆస్పత్రిలో లోపలికి తీసుకెళ్ళారు. గోదాములో పనిచేసే ఇంకో ఇద్దరు కూడా దగ్గుతూ అదే ఆస్పత్రికి వచ్చారు. వాళ్ళు తేరుకున్నారు. రోజంతా బండి మీద, ఆ గొట్టానికి దగ్గరగా ఉన్నది ఆయన. చీకటి పడకముందే ఆయన పోయారు.

నేను ఆ క్షణం గురించి రాయలేను. పాపకి పాల వేళ అయింది, పాలిచ్చాను. అది మాత్రం గుర్తుంది.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ఆమె కళ్ళు కూడా ఎర్రబడి ఉన్నాయి. వరండాలో బల్ల మీద మా ఇద్దరి ఎదురుగా కూర్చుని, ఆయన ఎక్కడ పనిచేసేవారు, ఏ ఇంజను, గాలి వచ్చే దారి ఉందా, అన్నీ అడిగింది. తమ్ముడు డబ్బా సంగతి చెప్పాడు. ఫ్యాన్ సంగతి చెప్పింది దగ్గుతూ పక్కన కూర్చున్న బీడీ ఆయన. తమ్ముడు ఆ మాట వినడం అదే మొదలు. తల తిప్పి ఆయన వైపు చూశాడు, అంతే.

డాక్టరమ్మ మాకు అర్థమయ్యేలా మెల్లగా చెప్పింది. ఇంజను పొగలో నత్రజని, ప్రాణవాయువు కలిసి పుట్టే ఒక విషపు గాలి కూడా ఉంటుందట. ఈ రకం డబ్బా దాన్ని తీసెయ్యదు. పైగా బాగా వేడెక్కినప్పుడు అందులో కొంత భాగాన్ని ఇంకా చెడ్డ రకంగా మారుస్తుంది. రోడ్డు మీద అయితే గాలికి చెదిరిపోతుంది. మూసిన గదిలో పేరుకుంటుంది. పీల్చేటప్పుడు పెద్దగా తెలియదు, లోపలికంటా దిగి, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు నింపుతుంది.

"చూడు బాబూ, డబ్బా పెట్టడం తప్పు కాదు" అంది వాడితో. "దానివల్ల వీళ్ళకి చాలా విషం తప్పింది. తప్పు గాలి ఆపడం. ఫ్యాన్ తిరుగుతూ ఉంటే అది మేలే చేసేది."

వాడు అంతా విన్నాడు. బుద్ధిగా, పాఠం వింటున్న పిల్లాడిలా. అప్పుడు అడిగాడు.

"ఇది పెట్టకపోయుంటే, నిన్న వీళ్ళకి కళ్ళు మండేవి కదా మేడం?"

"మండేవి."

"బయటికి వచ్చేసేవాళ్ళు."

 

తనిఖీకి ప్రభుత్వం మనుషులు వచ్చేలోపు గోదాములో థర్మాకోల్ తీసేశారు. ఫ్యాన్ గిర్రున తిరుగుతోంది. అది ఎప్పుడూ తిరుగుతూనే ఉందని, ఎవరో మెకానిక్ బండికి ఏదో సొంత తయారీ డబ్బా బిగించి వెళ్ళాడని యజమాని మనుషులు చెప్పారు. భుజం తట్టిన సూపర్‌వైజరు కిందికి చూస్తూ నిలబడ్డాడు. బీడీ ఆయన ఒక్కడే నోరు తెరిచి నిజం చెప్పాడు, మర్నాటినుంచి ఆయన్ని పనిలోకి రావద్దన్నారు.

"నువ్వు మాట్లాడరా!" అని తమ్ముడి మీద అరిచాను ఇంటికొచ్చాక. "కన్నం మూసింది వాళ్ళు. నీ నోరేమైంది?"

"వాళ్ళు అబద్ధం ఆడుతున్నారక్కా. కాదనను. మూసింది వాళ్ళే. మూయొచ్చన్న ధైర్యం ఇచ్చింది మాత్రం నేను. ఫ్యాన్ ఆపొద్దని ఒక్క మాట చెప్పాలని నాకు తట్టలేదు. ఎవడైనా ఆపుతాడని తట్టలేదు."

"తట్టకపోవడం నేరమట్రా? నీవల్లే కదా ఆయన కూతుర్ని ఎత్తుకోగలిగింది!"

"ఎన్నాళ్ళక్కా?" అన్నాడు.

 పాప వాడి కాళ్ళ దగ్గరికి పాకి వచ్చి ప్యాంటు పట్టుకుని నిలబడింది. వాడు వంగి ఎత్తుకోలేదు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

తర్వాత వాడు తినడం తగ్గించేశాడు. నేను ముద్ద కలిపి పెడితే నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయేవాడు. షెడ్డుకి వెళ్ళేవాడు, ఇంజన్లు విప్పేవాడు, బిగించేవాడు. బోల్టు బిగించేటప్పుడు ఏదో కూనిరాగం తీయడం వాడికి అలవాటు, అది ఆగిపోయిందని షెడ్డు యజమాని చెప్పాడు. ఒక పొద్దున్న చూస్తే వాడూ లేడు, పనిముట్ల సంచీ లేదు. ఫోన్ మాత్రం అల్మరాలో పెట్టి వెళ్ళాడు, నేను చేస్తే ఎత్తాల్సి వస్తుందని కాబోలు.

అప్పుడప్పుడు కొత్త నంబర్లనుంచి నాకు ఫోన్ వస్తుంది. అవతల ఎవరూ మాట్లాడరు. ఇంజను శబ్దం వినిపిస్తుంది. గోడలకి తగిలి తిరిగొచ్చే శబ్దం, మూసిన చోట వచ్చే శబ్దం. అది వాడేనని నాకు తెలుసు. నేనే మాట్లాడతాను. పాప నడుస్తోందిరా, నీ పాత స్పానర్ పట్టుకుని చిగుళ్ళు రుద్దుకుంటోందిరా, అని ఏవేవో చెబుతాను. కోప్పడితే పెట్టేస్తాడని కోప్పడను. ఏడిస్తే పెట్టేస్తాడని ఏడవను. ఒకసారి మాత్రం పలికాడు.

"అక్కా, పాప దగ్గుతోందా?"

"లేదురా నాయనా. నువ్వు తిన్నావా?"

"మీ వీధిలో జనరేటర్ పెట్టారా ఎవరైనా? కిటికీలు తీసి ఉంచు. వాసన లేదు కదా అని ఊరుకోకు."

"ఉంచుతాన్రా. నువ్వెక్కడున్నావు చెప్పు."

పెట్టేశాడు. ఆ నంబరుకి తిరిగి చేస్తే ఒక కిరాణా కొట్టాయన ఎత్తాడు. "ఎవరో మెకానిక్కమ్మా, ఫోన్ అడిగి చేసుకున్నాడు. ఎదురు షెడ్డులో ఉంటాడు" అన్నాడు. పాపని ఎత్తుకుని బస్సులు మారి వెళ్ళాను. నేను వెళ్ళేసరికి వాడు అక్కడినుంచి వెళ్ళిపోయాడు. ఆ షెడ్డు పెద్దాయన నాకు మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాడు.

"మంచి పనివాడమ్మా మీ తమ్ముడు. మాట తక్కువ. ఎప్పటినుంచో పాడైపోయిన ఫ్యాన్ బాగుచేసి పెట్టాడు. మూసిన చోట ఇంజను నడపొద్దని లారీవాళ్ళని తిట్టి మరీ బయటికి పంపేవాడు. తనేమో, ఎవరూ లేనప్పుడు షట్టర్ దించుకుని ఇంజను పక్కనే కూర్చుంటాడు. చూసి గదమాయించి బయటికి లాగాను. 'నాకేం కాదు బాబాయ్, బావ కూర్చున్న చోటు ఎలా ఉంటుందో చూస్తున్నా' అన్నాడు. బావెవరో నాకేం తెలుసు? వేళాకోళం అనుకున్నా. ఆ దగ్గు మాత్రం నాకు నచ్చలేదమ్మా."

ఆ మాట విన్నప్పటినుంచీ నాకు ఇంకో పని మీద మనసు నిలవడం లేదు. ఒక ప్రాణం పోయింది, అది నా చేతిలో లేకుండా పోయింది. ఈ ప్రాణం ఇంకా ఉంది. నేను బిడ్డ తల్లిని, ప్రతి ఊరూ తిరగలేను. ప్రతి ఊళ్ళోనూ మీరున్నారు.

లారీలు ఆగే చోట, జనరేటర్లు బాగుచేసే చోట, మీ వీధి చివర షెడ్డులో, ఈమధ్య కొత్తగా ఎవరైనా మెకానిక్ చేరాడేమో చూడండి. బక్కపలచగా ఉంటాడు. ఎడమ కనుబొమ్మ మధ్యలో స్పానర్ తగిలిన గాటు ఉంటుంది. నూనె చేతులు చొక్కా ముందు కాకుండా నడుము వెనక తుడుచుకుంటాడు. పేరు అడిగితే ఏదో ఒకటి చెబుతాడు. నట్టూ అని పిలిస్తే మాత్రం తిరిగి చూడకుండా ఉండలేడు.

షట్టర్ దించి ఉండి, లోపల ఇంజను శబ్దం వస్తుంటే ఒక్కరే లోపలికి దూరకండి. బయటినుంచే షట్టర్ ఎత్తి, గాలి ఆడనిచ్చి, నలుగుర్ని పిలిచి వాణ్ణి బయటికి తీసుకురండి. తప్పెవరిది అన్న మాట ఎత్తకండి, వాడితో వాదించి ఎవరూ గెలవలేదు. నీడలో కూర్చోబెట్టి ఏదైనా తినిపించండి. నమిలేదాకా పక్కనే ఉండండి. దగ్గుతుంటే తగ్గుతుందిలే అని వదిలెయ్యకుండా అప్పటికప్పుడే ఆస్పత్రికి తీసుకెళ్ళండి, పొద్దున్న చూద్దాం అని వాడు అంటే వినకండి. అక్క కోపంగా లేదని, పాప మేనమామ అనే మాట నేర్చుకుంటోందని చెప్పండి.

రేపు చూడొచ్చులే అనుకోకండి. దయచేసి ఈ రోజే ఒకసారి వెళ్ళి వాడు ఎలా ఉన్నాడో చూడండి.